ఎనిమిదికి ఎనిమిది

మా ఆఫీసులో ఆకాశాన్ని ఎనిమిది పాళ్లు చేస్తాం. పని చాలా తేలిక. మేడ మీదికెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి గుండ్రంగా ఒకసారి తిరగాలి. ఎనిమిదింట ఎన్ని పాళ్లు మబ్బు ఉందో చూసుకుని, కిందికొచ్చి రిజిస్టరులో ఒక అంకె వెయ్యాలి. ఒక్క మబ్బు తునకా లేకపోతే సున్నా. సూది మోపేంత నీలం కూడా లేకపోతే ఎనిమిది. తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి. ఇరవయ్యారేళ్లుగా వాతావరణ శాఖలో జీతం తీసుకుని నేను చేస్తున్న పని ఇదే. కళ్లు నెత్తికెక్కిన ఉద్యోగమని మా ఆవిడ వేళాకోళం చేసేది.

మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఎవరైనా అడిగితే ఇలాగే చెబుతాను, తేదీ చెప్పినట్టు. ఏడుపు రాదు. మొదట్లో అందరూ నన్ను చూసి, పాపం గుండె దిటవు చేసుకున్నాడన్నారు. దిటవూ లేదు, పాడూ లేదు. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషిని మొత్తం అలా ఉన్నాను. కొరుక్కున్నా తెలియదు.

ఇంట్లో ఇప్పుడు నేనూ, మా అత్తగారూ. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కూతురికి జబ్బు చేసిందని తెలిసి చిన్న సంచీతో వచ్చింది, కూతురు పోయాక కూడా వెళ్లలేదు. వెళ్లమని నేను అనలేదు, ఉండమనీ అనలేదు. అత్తాఅల్లుళ్ల మధ్య ఉండాల్సిన మనిషి లేకుండా పోతే, ఇక ఎవరు ఎవరికి ఏమవుతారో ఇద్దరికీ తెలియదు. ఆవిడ వంట చేస్తుంది, నేను సామాన్లు తెస్తాను. ఆవిడ “బాబూ” అంటుంది, కోపం వస్తే “అల్లుడుగారూ” అంటుంది. ఈ ఏడు నెలల్లో అల్లుడుగారు అనిపించుకునేంత పని నేనేమీ చెయ్యలేదు. అసలు ఏ పనీ చెయ్యలేదు.

ఒక పని మాత్రం ఉండిపోయింది. ఆవిడ రెండు కళ్లకీ నాలుగేళ్లుగా శుక్లాలు. మా ఆవిడ తాను మంచంలో ఉండి కూడా కంటి ఆసుపత్రికి ఫోన్లు చేసి, రెండు తేదీలు ఖాయం చేసి, నాకు అప్పజెప్పింది. “ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. అమ్మ వాయిదా వేస్తుంది, వెయ్యనివ్వకు. తోట మళ్లీ చూడాలి అమ్మ” అంది. సరేనన్నాను. తను నన్ను అడిగిన చివరి కోరిక అది. మిగతావి డాక్టర్లని అడిగింది.

తోట అంటే పెద్ద తోటేమీ కాదు. వంటింటి వెనక పది అడుగులు వెడల్పు, ఇరవై అడుగులు పొడుగు. మధ్యలో ఒక దానిమ్మ చెట్టు, గోడ వెంబడి చేమంతులు, పంపు దగ్గర బోర్లించిన కుండ, దాని కింద కాపురముండే కప్ప. మా ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేది. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ చేసే ఉద్యోగం. అందుకేనేమో, ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పోయేది. కళ్లకి ఆకలేస్తుందనేది.

భోజనాల బల్ల దగ్గర మా ఆవిడ పెట్టిన ఒక రూలు ఉండేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోయే ముందు, ఆ రోజు చూసినది ఒకటి చెప్పాలి. ఆ రోజే చూసి ఉండాలి, సొంత కళ్లతో చూసి ఉండాలి. ఆకాశమైనా కావాలి, ప్రాణమున్నదేదైనా కావాలి. నేనొకసారి ఊళ్లోకి కొత్త రంగు బస్సులొచ్చాయని చెబితే కొట్టేసింది. చెప్పడానికి ఏమీ లేనివాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి. దీనికి తోడు, ఆకురాలు కాలంలో మా ఊరి మీదుగా దక్షిణానికి పోయే కొంగల బారుని ఎవరు ముందు చూస్తే వాళ్లకి ఆ ఏడాదంతా గిన్నెల బాధ లేదు. ప్రతి ఏడూ మా ఆవిడే చూసేది. ఆకాశాన్ని చూడ్డానికే జీతం తీసుకునే నాకు మాత్రం ఒక్క ఏడూ కనపడలేదు.

నేనెప్పుడూ అంకె చెప్పి తప్పించుకునేవాణ్ని. “ఇవాళ ఆరు పాళ్లు మబ్బు” అనేవాణ్ని. “ఆరు పాళ్లు మబ్బు సరే, మిగతా రెండు పాళ్లలో ఏముంది?” అనేది తను. నాకు తెలిసేది కాదు. మా రిజిస్టరులో దానికి గడి లేదు.

తను పోయాక ఆ రూలు కూడా పోయింది. ఇద్దరం తలలు వంచుకుని తినేవాళ్లం. కంచాల చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

ఆకులు పసుపు తిరగడం మొదలైన రోజుల్లో అత్తగారి కుడి కన్ను ఆపరేషన్ అయింది. తేదీ వచ్చింది, తీసుకెళ్లాను, తీసుకొచ్చాను. కట్టు విప్పిన సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని ఆవిడ, “చూసింది చెప్పుకుందామా బాబూ?” అంది.

“మీ ఇష్టం” అన్నాను.

“ఉడుతని చూశానండీ. పగిలిన దానిమ్మకాయ దగ్గర వెనక్కాళ్ల మీద కూర్చుని, ఒక్కో గింజా రెండు చేతుల్తో పట్టుకుని తింటోంది. దాని చేతులకి వేళ్లున్నాయి! ఎన్నేళ్లయిందో ఉడుత వేళ్లు చూసి. నాకంటే శుభ్రంగా తింటోంది. మరి మీరు?”

“ఐదు పాళ్లు” అన్నాను.

ఆవిడ “ఐదు పాళ్లా, మంచిది” అని ముద్ద కలుపుకుంది.

ఆ తర్వాత రోజుకొకటి చెప్పింది. బట్టల తీగకీ పంపుకీ మధ్య సాలీడు గూడు కట్టింది, పొద్దున్నే దాని మీద మంచు బొట్లు. వానపాముని లాగుతున్న గోరింక, కాలు జారి వెల్లకిలా పడింది. చేమంతి మొగ్గలో తేనెటీగ నిద్రపోయింది, ఎండ తగిలితే గానీ లేవలేదు, బద్ధకంలో తన కొడుక్కి చుట్టమేమో అంది. ప్రతి సంగతీ చెబుతూ కుడి కన్ను మీద చెయ్యి పెట్టి తీసేది, పెట్టి తీసేది, ఇచ్చిన వస్తువు ఇంకా ఉందా లేదా అని చూసుకున్నట్టు. నేను రోజూ వినేవాణ్ని. చెవులకి వినపడేది. అంతకు మించి లోపలికి పోయేది కాదు.

సోమవారం వచ్చింది. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. తొమ్మిదింటికి మేడెక్కాను, ఎనిమిదికి ఎనిమిది. పన్నెండింటికి ఎక్కలేదు. ఒంట్లో బాగుండక కాదు, మెట్లు తడిగా ఉండీ కాదు. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు, అంతే. నా కుర్చీ పక్కనున్న కిటికీ అద్దానికి పాతికేళ్ల దుమ్ముంది. అందులోంచి మండుటెండలో కూడా బూడిద రంగే కనిపిస్తుంది. ఆ బూడిద రంగు చూసి, పన్నెండు గంటల గడిలో కూడా ఎనిమిది వేసేశాను. మూడింటికి ఎక్కితే ఎనిమిదే ఉంది. హమ్మయ్య అని కూడా అనుకోలేదు. ఇరవయ్యారేళ్లలో కాకిలెక్క రాయడం అదే మొదటిసారి. నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ సాయంత్రం నేనింకా కుర్చీ లాక్కోకముందే అత్తగారు మొదలుపెట్టింది. మొహం వెలిగిపోతోంది.

“ఇవాళ ముందు నేను చెబుతా. పొద్దున్నుంచీ ముసురే కదా? మధ్యాహ్నం తువ్వాళ్లు ఆరతాయో ఆరవో అనుకుంటూనే తీగ మీద వేస్తున్నా. ఉన్నట్టుండి గోడ మీద చెట్టు నీడ పడిందండీ. ఏ ఆకుకా ఆకు విడివిడిగా! ఇదేమిటా అని తలెత్తి చూద్దును కదా, మబ్బు చీలి ఇంత నీలం. దుప్పటి పరిచినంత. ఆ నీలంలో కొంగల బారు! ముందొకటి, వెనక రెండు వరసలు. నేనే ముందు చూశాను. ఇక ఈ ఏడాది గిన్నెలు మీవే బాబూ!”

“ఎన్నింటికి?” అన్నాను.

“పన్నెండింటికి. పక్కింటి రేడియోలో గంటలు కొట్టారు.”

నేను ఒక మాట అనొచ్చు. ‘ఆ టైముకి నేను చూడలేదత్తయ్యా’ అంటే సరిపోయేది. అది అనాలంటే ఎందుకు చూడలేదో చెప్పాలి, దాని వెనక ఇంకేదో చెప్పాలి, ఒకటి లాగితే డొంకంతా కదులుతుంది. అంత ఓపిక లేదు. ఎనిమిది అనడానికి ఏ ఓపికా అక్కర్లేదు.

“పన్నెండింటికి ఎనిమిదికి ఎనిమిది అత్తయ్యా. రిజిస్టర్లో నేనే రాశాను.”

“నీలం లేదా?”

“లేదు.”

“కొంచెం కూడా?”

“ఎనిమిదంటే కొంచెం కూడా లేదని.”

ఆవిడ కుడి కన్ను మూసింది, తెరిచింది. అరచెయ్యి కంటి ముందు పెట్టుకుని చూసుకుంది. “మరి నీడ చూశానే” అంది, నాతో కాదు. కాసేపటికి, “కొన్నాళ్లు లేని రంగులు కనిపించొచ్చని నర్సమ్మ చెప్పింది లెండి” అంది.

“అదే అయ్యుంటుంది” అన్నాను.

ఆకాశం సంగతిలో నాతో ఎవరు వాదిస్తారు? ఆ మాట మీదే కదా నాకు జీతం. తినడం అయ్యాక ఆవిడ లేచి, చూసింది ఏమీ లేనివాళ్లే కడగాలి కాబట్టి, గిన్నెలన్నీ కడిగింది. నేను కూర్చునే ఉన్నాను.

మంగళవారం ఆవిడ పెరట్లోకి పోలేదు. సాయంత్రం బల్ల దగ్గర, “నేనేం చూశానో నాకే నమ్మకం లేదు. మీరే చెప్పండి” అంది. ఏడు అని చెప్పాను. బుధవారం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పెద్దావిడ ఎడమ కన్ను ఆపరేషన్ వద్దన్నారు, తేదీ వేరేవాళ్లకి ఇచ్చేయమంటారా అని అడిగారు. వద్దనడానికి నోట్లో మాట ఉండాలి కదా. “సరే” అన్నాను. ఇంటికొచ్చి ఎందుకు వద్దన్నారని అడిగితే, “చేయించిన కన్నే అబద్ధం చెబుతుంటే రెండోది కూడా ఎందుకు బాబూ? ఒకటి మసకైనా నిజం చెబుతోంది, ఉండనివ్వండి” అంది.

గురువారం, అటక మీదున్న సంచీ దించమంది. దించి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. ఆ సాయంత్రం మా బావమరిది ఫోన్ చేశాడు. వేరే ఊళ్లో తొమ్మిదో అంతస్తులో ఉంటాడు, మంచివాడే.

“బావా, అమ్మ ఆదివారం వచ్చి తీసుకెళ్లమంటోంది. ఏమైనా గొడవయిందా?”

“ఏమీ అవలేదు.”

“మీరేమైనా అన్నారా?”

“ఏమీ అనలేదు.”

రెండూ నిజమే. అసలు నేనెవరితోనూ ఏమీ అనడం లేదు. ఫోన్ పెట్టేశాక పక్క గదిలో ఆవిడ దుప్పట్లు మడత పెడుతున్న చప్పుడు వినపడింది. మా ఆవిడ అప్పజెప్పిన పని సగంలో ఆగిపోతోందని తెలుసు. ఆవిడ వెళ్లిపోతే ఈ ఇంట్లో మా ఆవిడ గురించి తెలిసినవాళ్లు ఇంకెవరూ ఉండరనీ తెలుసు. తెలియడం వేరు, తగలడం వేరు. నాకేదీ తగలడం లేదు.

శనివారం మా ఆఫీసులో అట్టలు కొలిచే రోజు. మేడ మీద ఒక గాజు గోళం ఉంది, పెద్ద నారింజకాయంత. ఎండ కాస్తే ఆ గోళం గుండా పోయి వెనకనున్న అట్టముక్కని కాలుస్తుంది. సూర్యుడు జరిగే కొద్దీ కాలిన గీత జరుగుతుంది. మబ్బు అడ్డొస్తే గీత ఆగిపోతుంది. రోజుకో అట్ట. సాయంత్రం తీసి కొత్తది పెట్టడం నా పని, వారం చివర గీతల్ని కొలవడం నాతో పనిచేసే కుర్రాడి పని. కుర్రాడంటే నలభై ఏళ్లుంటాయి, నాకంటే చిన్నవాడు కాబట్టి కుర్రాడు. నోరు ఆగకుండా తిరుగుతుందని అందరూ వాణ్ని గాలిమర అంటారు.

“గురువుగారూ!” అన్నాడు గాలిమర, సోమవారం అట్ట ఎత్తి పట్టుకుని. “ఇదేంటండీ? పన్నెండింటి దగ్గర ఇరవై నిమిషాల గీత! మీ రిజిస్టర్లో చూస్తే ఎనిమిదికి ఎనిమిది. ఎండ గొడుగు కింద నుంచి దూరిందంటారా?”

అట్ట తీసుకున్నాను. నీలం అట్ట మీద, సరిగ్గా పన్నెండు అంకె దగ్గర, గోరంత పొడవున నల్లగా కాలి ఉంది. అంచులు గోధుమ రంగు. సోమవారం సాయంత్రం ఈ అట్టని తీసి కవరులో పెట్టింది నేనే. తీశాను, పెట్టాను. చూడలేదు.

“పోన్లెండి,” అన్నాడు వాడు. “ఎనిమిదిని కాస్త వంచితే ఆరవుతుంది. ఎవడికి తెలుస్తుంది?”

గోడ మీద పడ్డ నీడ గుర్తొచ్చింది. ఏ ఆకుకా ఆకు. ‘కొంచెం కూడా?’ అని అడిగిన గొంతు గుర్తొచ్చింది. కంచే చేను మేసిందంటారు, నేను అంతకంటే నీచం. నాలుగేళ్ల చీకటి తర్వాత ఒక ముసలావిడకి ఇరవై నిమిషాల ఆకాశం దొరికితే, కుర్చీలోంచి లేవకుండా దాన్ని కొట్టేశాను. సిగ్గేసింది. చెవుల దాకా వేడెక్కేంత సిగ్గు. మత్తు దిగేటప్పుడు ముందు తెలిసేది నొప్పే. ఏడు నెలల తర్వాత నాకు తగిలిన మొదటి వస్తువు అది.

ఆఫీసు పెన్సిలు కూడా ఇంటికి తీసుకుపోని మనిషిని నేను. ఆ అట్టని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

“అది రికార్డు సార్!” అన్నాడు గాలిమర.

“సోమవారం తెస్తాను” అన్నాను.

ఇంటికెళ్లేసరికి అత్తగారి సంచీ తలుపు పక్కన జిప్పు వేసి ఉంది. ఆవిడ వంటింట్లో కూర్చుని, నాకు నాలుగు రోజులకి సరిపడా వండి డబ్బాల్లో పెడుతోంది. ఎదురుగా కూర్చుని అట్టని ఆవిడ చేతిలో పెట్టాను.

“ఏమిటిది?”

“సోమవారం నాటి ఎండ. పన్నెండు దగ్గర తడిమి చూడండి.”

ఆవిడ వేలితో తడిమింది. కాలిన చోట వేలు ఆగింది. వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకి పోయింది. అక్కడ అట్ట లోపలికి దిగిపోయి, చిన్న కాలవలా ఉంటుంది.

“కాలింది” అంది.

“పన్నెండింటికి ఎండ వచ్చిందత్తయ్యా. ఇరవై నిమిషాలు కాసింది. మీరు చూసింది నిజం. నేను మేడెక్కలేదు. చూడకుండా రాశాను.”

చాలాసేపు ఆవిడ వేలు అక్కడే ఉంది. తర్వాత అట్టని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“ఐదు రోజులండీ,” అంది. “ఐదు రోజులు నా కన్ను నాతో అబద్ధమాడుతోందని దాన్ని తిట్టుకున్నాను. పిల్ల మీద బెంగతో పిచ్చెక్కి కొంగల్ని కల్పించుకున్నాననుకున్నాను. పెరట్లోకి పోవాలంటే భయమేసింది, ఇంకా ఏం లేనివి కనిపిస్తాయో అని. చూడలేదు అని ఒక్క మాట చెప్పడానికి మీకు నోరు రాలేదా అల్లుడుగారూ?”

“రాలేదు.”

“మరి మిగతా రోజుల్లో? రోజుకి మూడుసార్లు ఎక్కుతారు కదా, అప్పుడైనా చూస్తున్నారా?”

“తలెత్తుతున్నాను. అంకె వేస్తున్నాను. తను పోయినప్పట్నుంచీ నాకేమీ కనపడడం లేదత్తయ్యా.”

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. అనుకుని అనలేదు. అత్తగారు నావైపు తిరిగి చూసింది, మంచి కంటితో. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టింది.

“కొంగలు కూడా నిజమేనా?” అంది.

అట్ట మీద ఎండ పడుతుంది గానీ కొంగలు పడవు. “నిజమే” అన్నాను. అదీ చూడకుండా చెప్పిందే. అయినా ఇరవయ్యారేళ్లలో నేను రాసిన అంకెలన్నిటికంటే ఆ మాట మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది.

“అయితే గిన్నెలు మీవే,” అని ఆవిడ లేచి వెళ్లి, కొడుక్కి రావద్దని ఫోన్ చేసింది. నేను ఆసుపత్రికి చేశాను. మా తేదీ అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు. బతిమాలితే ఇంకో పద్దెనిమిది రోజుల తర్వాత దొరికింది.

సోమవారం ఆఫీసులో, పాత ఎనిమిదిని ఎర్ర సిరాతో కొట్టేశాను. మా దగ్గర చెరపడం, దిద్దడం ఉండవు, కొట్టేసి పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. కారణాలకి ఒక పట్టిక ఉంది. పొగమంచు, పరికరం చెడిపోవడం, అనారోగ్యం. అవేవీ కాదు కాబట్టి ‘చూడలేదు’ అని రాశాను. గాలిమర నా భుజం మీదుగా చదివి, “కొరివితో తల గోక్కుంటున్నారు గురువుగారూ. జ్వరమని రాస్తే పోయేది కదా!” అన్నాడు. వారం తర్వాత పైఅధికారుల నుంచి మెమో వచ్చింది. ఫైల్లో పెట్టుకున్నాను. కిటికీ అద్దం మాత్రం తుడిచాను.

అంతటితో నా కళ్లు తెరుచుకున్నాయని చెప్పను. అలా ఏమీ జరగలేదు. సాయంత్రాలు ఏదో ఒకటి చెప్పాలని మేడ మీద వెతికేవాణ్ని.

“కాకి” అన్నాను ఒకరోజు.

“కాకి ఏం చేస్తోంది?”

“ఏమీ చెయ్యడం లేదు. ఉంది. ప్రాణముందిగా, చాలదా?”

“చాలుతుంది లెండి, బొత్తిగా ఏమీ లేనిదానికంటే నయం” అంది. ఇంకోరోజు గాలి వేగం కొలిచే తిరుగుడు గిన్నెల మీద తూనీగ వాలి, వాటితో పాటు తిరిగి తిరిగి ఎగిరిపోయిందని చెప్పాను. అది విని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కానీ తూనీగ రెక్కలు ఎర్రగా ఉన్నాయని మర్నాటి దాకా గుర్తుంది.

ఎడమ కన్ను కట్టు విప్పింది నిన్న. దానిమ్మ ఆకులు సగం రాలిపోయాయి, మిగతా సగం పసుపు. ఇంటికి రాగానే ఆవిడ చెప్పులు విప్పకుండా పెరట్లోకి పోయింది. వాకిలి దగ్గర నిలబడి చూశాను, నడక కూతురి నడకే. అరగంట అక్కడే తిరిగింది. కుండ ఎత్తి కప్పని పలకరించింది. సాలీడు గూడు చిరిగిపోయిందని నాకు చూపించింది.

సాయంత్రం బల్ల మీద కంచాలు పెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుంది. పెరట్లో చూసినవన్నీ వరసగా చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. రెండు కళ్లతో నన్నే చూస్తోంది. ఆ చూపు నా మొహం మీద మెల్లగా తిరుగుతోంది, నుదుటి దగ్గర్నుంచి గడ్డం దాకా. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

“చెప్పండి, ఏం చూశారు?” అన్నాను.

“మా అల్లుడి జుట్టు మొత్తం నెరిసిపోయింది,” అంది. “మా అమ్మాయి ఉన్నప్పుడు చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలున్నాయని చెప్పేది. ఇప్పుడు తలంతా తెలుపే. కళ్ల కింద గుంటలు పడ్డాయి. ఎడమ బుగ్గ మీద గడ్డం సరిగ్గా గీసుకోలేదు.”

“ఇది లెక్కలోకి రాదత్తయ్యా” అన్నాను. “తోటలోదో, ఆకాశంలోదో చెప్పాలి.”

“ఎందుకు రాదు? ప్రాణమున్నదేదైనా సరే అని రూలు పెట్టింది మా అమ్మాయే కదా.”

నేను లేచాను. బల్ల మీద కంచాలు రెండూ తీసుకుని, వంటింటి పంపు దగ్గరికెళ్లి, నీళ్లు తిప్పి కడగడం మొదలుపెట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఎంత చల్లగా ఉన్నాయో చేతులకి తెలుస్తోంది. మొహం ఆవిడకి కనపడకుండా కడుగుతూనే ఉన్నాను. ఒక కంచం రెండుసార్లు కడిగాను.

“బాబూ,” అంది ఆవిడ వెనకనుంచి, “మనమింకా తిననేలేదు. వచ్చి కూర్చోండి. మీ వంతు మిగిలే ఉంది.”